టెంటులో పడుకునే మ్యాట్‌లు: నడుం నొప్పి ఉన్నవాళ్ల కోసం ఒక రివ్యూ

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ లాంటి చలికాలపు ట్రెక్‌లో నడుం నొప్పిని రెచ్చగొట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి, డెహ్రాడూన్ నుంచి నడక మొదలయ్యే సాంక్రీ ఊరి దాకా దాదాపు 200 కిలోమీటర్ల కొండ దారిలో బండిలో కూర్చోవడం. రెండు, గడ్డకట్టిన నేల మీద టెంటులో పడుకోవడం. నడక వీటి తర్వాతే. మెల్లగా, ఆగుతూ, బరువు లేకుండా నడిస్తే పాత నడుం నొప్పి చాలామందికి పెరగదు, కొంత సడలుతుంది కూడా. కానీ కొనుగోళ్లన్నీ బూట్లు, జాకెట్ల చుట్టూనే జరుగుతాయి. పడకను ట్రెక్ కంపెనీకి వదిలేస్తారు. వాళ్లిచ్చే పల్చటి ఫోమ్ షీటు మీద మొదటి రాత్రి గడిచేసరికి నడుం పట్టేస్తుంది. రెండో రోజు నడక ఆ పట్టేసిన నడుంతోనే మొదలవుతుంది.

అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం మ్యాట్‌ల గురించే. దిండు, వేడినీళ్ల సీసా, స్టిక్స్, బెల్టు, నొప్పికి చిన్న కరెంటు పంపే టెన్స్ మెషిన్ గురించి తర్వాత కొంత. లెక్కలన్నీ కేదార్‌కంఠను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. సాంక్రీ 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, శిఖరం సుమారు 3,800 మీటర్లు. డిసెంబరు, జనవరిల్లో పై క్యాంపులో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పోతుంది. పడక వేసేది మంచు మీదే.

గట్టి నేల నడుముకి మంచిదా?

"నేల మీద పడుకో, నడుం నొప్పి పోతుంది" అనే మాట మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక స్పెయిన్ అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపు, మధ్యస్థంగా ఉండే పరుపు ఇచ్చి పోల్చారు. మధ్యస్థ పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు బరువంతా భుజం మీద, తుంటి ఎముక మీద పడుతుంది. అవి కాస్త లోపలికి దిగితే వెన్ను తిన్నగా ఉంటుంది. దిగకపోతే నడుం దగ్గర వంపు గాల్లో వేలాడుతుంది, దాన్ని పట్టి ఉంచడానికి కండరాలు రాత్రంతా పని చేస్తాయి. మరీ మెత్తటి పడక మీద తుంటి ఎక్కువగా దిగిపోయి ఉయ్యాలలో పడుకున్నట్టు వెన్ను వంగుతుంది. టెంటులో మనకు కావలసింది ఈ రెంటికీ మధ్యది.

ఇక చలి. స్లీపింగ్ బ్యాగ్‌లో మన కింద ఉండే భాగం మన బరువుకే నలిగిపోతుంది కాబట్టి అది వెచ్చదనం ఇవ్వదు. కింది నుంచి వచ్చే చలిని ఆపాల్సింది మ్యాట్ ఒక్కటే. ఆ సామర్థ్యాన్ని ఆర్-వాల్యూ అనే అంకెతో చెబుతారు. అంకె పెద్దదైతే చలి తక్కువగా ఎక్కుతుంది. ఒకప్పుడు కంపెనీలు ఎవరి పద్ధతిలో వాళ్లు కొలిచేవి. ఇప్పుడు మంచి కంపెనీలన్నీ ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే ప్రమాణంతో కొలుస్తున్నాయి, కాబట్టి వాటి అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్-వాల్యూ రాయకుండా "మైనస్ 20 డిగ్రీల దాకా" అని మాత్రమే రాసే మ్యాట్‌లను వదిలేయండి. ఆ మాటకు కొలత లేదు.

స్థూలంగా, మన తూర్పు కనుమల్లో, అరకులో చలికాలం క్యాంపింగ్‌కి ఆర్-వాల్యూ 2 సరిపోతుంది. హిమాలయాల్లో అక్టోబరుకు 4 కావాలి. మంచు మీద పడుకోవాలంటే 5 దాటాలి. నొప్పి ఉన్నవాళ్లు దీనికి ఇంకొంచెం కలుపుకోవడమే మేలు. చలికి ఒళ్లు ముడుచుకుని పడుకుంటే ఉదయానికి కండరాలు బిగుసుకుపోతాయి. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: రెండు మ్యాట్‌లను ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కూడతాయి. 2 ఉన్నదాని మీద 4.5 ఉన్నది వేస్తే 6.5.

నాలుగు రకాలు

ట్రెక్ కంపెనీలు ఇచ్చేది సాధారణంగా సెంటీమీటరు మందం కూడా లేని ఫోమ్ షీటు. చలిని కొంత ఆపుతుంది కానీ ఎముకకు, నేలకు మధ్య అది ఉన్నట్టే ఉండదు. చాలామంది వాడి ఉండటంతో నడుం పడే చోట నలిగి ఇంకా పల్చబడి ఉంటుంది. నొప్పి లేనివాళ్లు రెండు రాత్రులు సర్దుకుంటారు. మీరు దీని మీద ఆధారపడొద్దు. అలాగని తిరిగి ఇచ్చేయొద్దు, కింద పరవడానికి పనికొస్తుంది.

రెండోది గుడ్ల ట్రేలా గుంతలతో, అకార్డియన్‌లా మడతపడే ఫోమ్ మ్యాట్. థర్మరెస్ట్ కంపెనీ జీ లైట్ సోల్ దీనికి పేరుపడిన ఉదాహరణ. 2 సెంటీమీటర్ల మందం, 410 గ్రాముల బరువు, ఆర్-వాల్యూ 2. ఇదే ఆకారంలో డెకాథ్లాన్‌లో అంతకంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. పంక్చర్ భయం లేదు, ఊదే పని లేదు. వెల్లకిలా పడుకునేవాళ్లకు, బరువు తక్కువ ఉన్నవాళ్లకు వేసవిలో ఇదొక్కటే చాలొచ్చు. పక్కకి తిరిగి పడుకుంటే మాత్రం తుంటి ఎముకకు నేల తగులుతూనే ఉంటుంది. దీన్ని రెండో మ్యాట్‌గా తీసుకెళ్లమనే మేము చెబుతాం. పగలు దారిలో కూర్చోవడానికి, టెంటు గుమ్మం దగ్గర మోకాళ్లు ఆనించడానికి దీన్ని మించింది లేదు.

మూడోది తనంతట తానే గాలి పీల్చుకునే మ్యాట్, అంటే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్. లోపల ఫోమ్, బయట గాలి చొరని గుడ్డ. వాల్వు తెరిస్తే ఫోమ్ విచ్చుకుంటూ గాలిని లాక్కుంటుంది. బోయింగ్‌లో పనిచేసి బయటికొచ్చిన సియాటిల్ ఇంజినీర్లు 1970ల మొదట్లో దీన్ని రూపొందించారు. అక్కడి నుంచి పుట్టిందే థర్మరెస్ట్. ట్రెక్‌కి వాడేవి రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల మందం, అర కిలో నుంచి కిలో బరువు ఉంటాయి. కార్లో పట్టుకెళ్లేవి ఇంకా మందం, 2 కిలోలు దాటతాయి.

నడుం నొప్పి ఉన్నవాళ్లకు మా మొదటి ఓటు 5 సెంటీమీటర్ల సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్‌కే. ట్రెక్కింగ్ రివ్యూలు ఎక్కువగా గ్రాముల లెక్క చూసి దీన్ని కిందికి నెట్టేస్తాయి. ఆ లెక్క బరువు తన వీపున మోసుకునేవాళ్లది. కేదార్‌కంఠలో డబ్బు కడితే పెద్ద బ్యాగును కంచర గాడిద మోస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఎలాగూ ఆ సదుపాయం తీసుకోవాల్సిందే కాబట్టి మ్యాట్ 400 గ్రాములైనా కిలో అయినా తేడా లేదు. పరుపు మీద పడుకున్న అనుభూతికి నాలుగింటిలో దగ్గరగా వచ్చేది ఇదే. పక్క మార్చినప్పుడు ఊగదు, చప్పుడు చేయదు. పంక్చర్ అయినా లోపలి ఫోమ్ మిగిలే ఉంటుంది. ఒకటే లోటు, ఒకే మందంలో కూడా ఆర్-వాల్యూలు చాలా తేడాగా ఉంటాయి. బరువు తగ్గించడానికి ఫోమ్‌కి రంధ్రాలు చేసిన మోడళ్లలో అంకె తక్కువ. లేబుల్ చూడకుండా మందం చూసి కొనొద్దు.

నాలుగోది పూర్తిగా గాలితో నిండేది. థర్మరెస్ట్ నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ 7.6 సెంటీమీటర్ల మందం, 370 గ్రాములు, ఆర్-వాల్యూ 4.5. దీని అన్న ఎక్స్‌థర్మ్ ఎన్ఎక్స్‌టీ ఆర్-వాల్యూ 7.3, మంచు మీద ఒక్కటే సరిపోతుంది. ఇంత తక్కువ బరువులో ఇంత వెచ్చదనం మరో రకంలో రాదు. లోపల వెండిరంగు పొరలు ఒంటి వేడిని తిరిగి పైకి పంపుతాయి. మందం ఎక్కువ కాబట్టి పక్కకి తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి హాయిగా దిగుతాయి. అమెరికాలోనే ఎక్స్‌లైట్ ధర 200 డాలర్లకు పైన ఉంది. అక్కడి బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఒక కొలత గుర్తుంచుకోవాలి: మామూలు సైజు వెడల్పు 51 సెంటీమీటర్లే. నొప్పితో రాత్రిళ్లు పదేపదే పక్క మార్చేవాళ్లకు అది చాలదు, చెయ్యో మోకాలో మంచులోకి జారుతుంది. 64 సెంటీమీటర్ల వెడల్పుది తెప్పించుకోండి.

గాలి మ్యాట్‌తో ఇంకో చిక్కు ఊగడం. కదిలినప్పుడల్లా ఒళ్లు నిలదొక్కుకోవాల్సి వస్తుంది. కటి కీళ్ల దగ్గర నొప్పి ఉన్నవాళ్లలో, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లలో కొందరికి ఇది అస్సలు పడదు. కొనేముందు షాపులో పరిచి, ఇంట్లో ఎలా నిద్రపోతారో అలాగే కనీసం పది నిమిషాలు పడుకుని చూడండి. కూర్చుని చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. కొన్నాక కూడా ట్రెక్‌కి ముందు ఇంట్లో టైల్స్ నేల మీద వేసుకుని వరసగా రెండు మూడు రాత్రులు పడుకోవాలి. మొదటి రాత్రి కొత్త వల్ల నిద్ర పట్టకపోవచ్చు. మూడో ఉదయం నడుం ఎలా ఉందన్నదే అసలు పరీక్ష.

గాలి ఎంత ఉండాలి

మంచి మ్యాట్ కొని, దాని మీదే నడుం పట్టేసిందని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని బిగువుగా ఊదినవాళ్లే. పూర్తి బిగువులో గాలి మ్యాట్ చెక్క పలకతో సమానం. పద్ధతి ఇది. ముందు గట్టిగా ఊదండి. దాని మీద పక్కకి తిరిగి పడుకోండి. వాల్వు కొద్దికొద్దిగా తెరుస్తూ గాలి వదలండి. మ్యాట్ కింద, తుంటి దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తుంటి ఎముక నేలకు తగిలే దగ్గరికి వచ్చి, ఇంకా రెండు వేళ్ల ఎడం ఉండగా ఆపండి. అప్పుడు లేచి కూర్చుంటే పిరుదులు నేలకు తగులుతాయి. అది లోపం కాదు, పడుకోవడానికి సరైన కొలత అదే. వెల్లకిలా పడుకునేవాళ్లు ఇంకొంచెం బిగువు ఉంచుకోవచ్చు.

ఇది సాయంత్రం ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు. నోటితో ఊదిన గాలి 30 డిగ్రీలు దాటి ఉంటుంది. మంచు నేల మీద అది సున్నా దగ్గరికి చల్లారితే గాలి పదో వంతు దాకా కుంచించుకుపోతుంది. అర్ధరాత్రి మ్యాట్ మెత్తబడితే పంక్చర్ అనుకుని కంగారు పడతారు. చాలాసార్లు అది చల్లారడమే. భోజనానికి వెళ్లేముందే ఊది పరిచేయండి, వచ్చేసరికి చల్లారి ఉంటుంది. అప్పుడు కొంచెం కలిపి, పైన చెప్పినట్టు సరిచూసుకుని పడుకోండి. మళ్లీ రెండు గంటల్లో నేలకు తగిలితే అప్పుడు అనుమానించాల్సింది రంధ్రాన్ని.

నోటితో కాకుండా పంప్ సంచితో నింపడం మంచిది. ఊపిరిలోని తేమ లోపల పేరుకుంటుంది. చలిలో మంచు రేణువులవుతుంది, ఇంటికొచ్చాక ఫోమ్‌లో బూజు పడుతుంది. పైగా 3,400 మీటర్ల ఎత్తులో ఇరవై ముప్పై గట్టి ఊపిర్లు ఊదితే తల తిరుగుతుంది. చాలా మ్యాట్‌లతో సంచి కూడా ఇస్తారు. సంచిని వాల్వుకి తగిలించి, మూతిని వెడల్పుగా తెరిచి గాలి పట్టి, పైనుంచి చుట్టుకుంటూ నొక్కాలి. మోకాళ్ల మీద కూర్చుని, వీపు వంచకుండా చేయండి. చిన్న బ్యాటరీ పంపులూ ఉన్నాయి. చలికి బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి దాన్ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి.

జారుడు, దిండు, లేవడం

టెంటు నేల పూర్తి చదునుగా దొరకదు. నైలాన్ మీద నైలాన్ జారి తెల్లారేసరికి అందరూ ఒక మూలకి చేరతారు. నడుం మెలిపడేది ఇక్కడే. తల ఎత్తు వైపు పెట్టుకోండి. ట్రెక్ కంపెనీ ఇచ్చిన ఫోమ్ షీటు కింద వేస్తే మ్యాట్‌ని కొంత పట్టి ఉంచుతుంది, చలినీ ఆపుతుంది. ముగ్గురి టెంటులో ముగ్గురిని పడుకోబెడితే 64 సెంటీమీటర్ల మ్యాట్‌లు మూడు పట్టకపోవచ్చు. ఇద్దరికే టెంటు ఇవ్వమని డబ్బు కట్టేముందే అడగండి. అదనంగా తీసుకున్నా ఇవ్వదగిన డబ్బే.

దిండు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకు భుజం ఎత్తుకు సరిపోయే దిండు కావాలి. దానికంటే ముఖ్యమైనది మోకాళ్ల మధ్య పెట్టుకునేది. లేకపోతే పైకాలు ముందుకు జారి నడుమును మెలిపెడుతుంది. నీరు చొరని చిన్న సంచిలో ఫ్లీస్ జాకెట్ కుక్కి మూతి కట్టేస్తే చాలు. వెల్లకిలా పడుకునేవాళ్లు దాన్నే మోకాళ్ల కింద పెట్టుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల దగ్గర ఇరుకుగా ఉంటే ఇది పట్టదు. కాళ్ల వైపు సన్నబడే మమ్మీ ఆకారం కాకుండా కాస్త వెడల్పు బ్యాగ్ అడగండి.

లేవడం కూడా జాగ్రత్తగానే ఉండాలి. రాత్రంతా పడుకోవడంతో వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ. టెంటులో ఉదయం జరిగేదంతా వంగే పనే: బ్యాగ్ చుట్టడం, మ్యాట్‌లో గాలి తీయడం, బూటు లేసులు. పడుకునే మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకి తిప్పి, చేతులతో నెట్టుకుని లేవండి. తర్వాత నాలుగు కాళ్ల మీదకి వచ్చి, గుమ్మం దగ్గర మడత మ్యాట్ మీద మోకాళ్లు ఆనించి బయటికి రండి. బూట్లు భోజనాల టెంటులో స్టూలు మీద కూర్చుని వేసుకోవచ్చు, అక్కడిదాకా క్యాంపు చెప్పులు చాలు. మ్యాట్ చుట్టడం టిఫిన్ తర్వాత. తోడున్నవాళ్లని అడగడానికి మొహమాటపడే పని కాదిది.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి వాపు జబ్బుల వాళ్ల సంగతి వేరు. వాళ్ల నొప్పి విశ్రాంతితో పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. ఎంత మంచి మ్యాట్ అయినా ఉదయపు బిగుసు పోదు. శిఖరం రోజున తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరతారు. అందరికంటే అరగంట ముందు లేచి, స్లీపింగ్ బ్యాగ్‌లోనే మోకాళ్లు ఒక్కొక్కటిగా ఛాతీ వైపు లాక్కుంటూ, నడుం అటూ ఇటూ తిప్పుకుంటూ ఒళ్లు వదులు చేసుకోవాలి. ఈ సంగతి ట్రెక్ లీడర్‌కి ముందురోజే చెప్పి పెట్టండి.

వేడి

మ్యాట్ తర్వాత ఎక్కువ ఫలితం ఇచ్చేది, దాదాపు ఖర్చు లేనిది వేడినీళ్ల సీసా. పడుకునేముందు వంటవాళ్లని అడిగి గట్టి ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోయించుకోండి. మూత బిగించి, తలకిందులుగా పట్టి కారడం లేదని చూసుకుని, ఉన్ని సాక్స్ తొడిగి నడుం దగ్గర పెట్టుకోండి. రెండు గోడల ఫ్లాస్కు దీనికి పనికిరాదు, వేడి బయటికి రానివ్వకపోవడమే దాని పని. ఒక గోడ స్టీలు సీసా పనికొస్తుంది కానీ సాక్స్ లేకుండా ఒంటికి తగిలితే కాలుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాళ్ల దగ్గర పెట్టుకోవద్దు, కాలినా తెలియదు. ఉదయానికి ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయి, గడ్డకట్టి ఉండవు.

విదిలిస్తే వేడెక్కే పొట్లాలను పెట్టెలకొద్దీ కొనుక్కెళ్తుంటారు. వాటిలో ఇనుప పొడి ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తక్కువ. మూసిన స్లీపింగ్ బ్యాగ్‌లో, ఒంటి కింద నొక్కుకుపోయి ఉంటే గాలి ఇంకా అందదు. అందుకే ఇంట్లో బాగా వేడెక్కిన పొట్లం క్యాంపులో గోరువెచ్చగా మిగిలిపోతుంది. పగలు గ్లోవ్స్‌లో పెట్టుకోవడానికి రెండు చాలు.

బెల్టు, టెన్స్, స్టిక్స్

నడుం బెల్టు మీద డబ్బు పెట్టొద్దు. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2016 మార్గదర్శకాలు నడుం నొప్పికి బెల్టులను, టెన్స్ మెషిన్‌ను కూడా సిఫార్సు చేయడం లేదు. నడకలో బెల్టు, బ్యాగ్ నడుం పట్టీ ఒకదాని మీద ఒకటి ఎక్కి చెమట, ఒరుపు తప్ప ఏమీ మిగలదు. బండి కుదుపుల్లో రెండు మూడు గంటలు ధైర్యంగా ఉంటుందంటే ఉన్నదాన్ని పట్టుకెళ్లండి, కొత్తది వద్దు.

టెన్స్ అంటే చర్మం మీద ప్యాడ్‌లు అంటించి చిన్న కరెంటు పంపేది. పెట్టుకున్నంతసేపు కొందరికి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లుతుంది, తీశాక ఎక్కువసేపు నిలవదు. ఇప్పటికే వాడి ఉపశమనం పొందుతున్నవాళ్లు తీసుకెళ్లొచ్చు. చలికి ప్యాడ్ జిగురు గట్టిపడి అంటదు. వాడబోయే గంట ముందు లోపలి జేబులో పెట్టుకోండి. చెమట తుడిచి అంటించాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. విమానంలో విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి.

ట్రెక్కింగ్ స్టిక్స్ మాత్రం రెండూ కావాలి, ఒకటి కాదు. ఒక్క కర్రతో నడిస్తే ఒంటి బరువు ఒక పక్కకి ఒరిగి నడుముకి కొత్త నొప్పి వస్తుంది. మోచెయ్యి లంబకోణంలో ఉండేలా పొడవు పెట్టుకోండి. 170 సెంటీమీటర్ల మనిషికి సుమారు 115 వస్తుంది. దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచండి, లేకపోతే ప్రతి అడుగుకీ ముందుకు వంగాల్సి వస్తుంది. తిప్పి బిగించే రకం చలిలో జారిపోతుంది, మీట నొక్కి బిగించే రకం తీసుకోండి. పట్టీలోకి చెయ్యి కింది నుంచి పైకి దూర్చి పట్టుకుంటే బరువు పట్టీ మీద పడుతుంది. క్యాంపుల్లో ఉండేది గుంత మరుగుదొడ్డి టెంటు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కూర్చుని లేవడానికి అక్కడ కూడా స్టిక్సే ఆధారం.

మందుల విషయంలో ఒక్క మాట. నొప్పి మాత్రల ప్రణాళిక బయల్దేరే ముందు డాక్టరుతోనే వేసుకోవాలి. ఎత్తు ప్రదేశంలో నీళ్లు సరిగా తాగకుండా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడితే కిడ్నీల మీద భారం. ట్రమడాల్, కొన్ని నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి. అసలే గాలి పల్చగా ఉన్నచోట అది ప్రమాదం. తలనొప్పికి ఏ మాత్ర వేసుకున్నా ట్రెక్ లీడర్‌కి చెప్పాలి, అది ఎత్తు వల్ల వచ్చిన జబ్బుకి మొదటి గుర్తు కావచ్చు. కాలు కొత్తగా మొద్దుబారినా, బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా నడక ఆపి కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సాంక్రీ దాకా

ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. చివరి వరస సీటు వెనక చక్రాలకు దగ్గరగా లేదా వాటి వెనక ఉంటుంది కాబట్టి కుదుపు అక్కడ ఎక్కువ. ముందు సీటు, లేదా మధ్య వరస కిటికీ పక్కన అడిగి తీసుకోండి. నడుం వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి, గంటకొకసారి దిగి నాలుగడుగులు వేయాలి. గాలి దిండు పెట్టుకుంటే సగమే ఊదండి, బండి ఎత్తెక్కేకొద్దీ అది తనంతట తనే బిగుస్తుంది. టెంపో ట్రావెలర్‌లో మిగతావాళ్లు ఆగడానికి ఒప్పుకోరనుకుంటే నలుగురు కలిసి బండి మాట్లాడుకోవడం మంచిది. డెహ్రాడూన్ చేరిన రోజే బయల్దేరకుండా ఒక రాత్రి ఆగడం ఇంకా మంచిది.

మరమ్మతు, దాచడం

మ్యాట్‌ని బ్యాగు బయట కట్టొద్దు. కంచర గాడిద పక్క బండకి ఒరుసుకుంటే తాడు కింద గుడ్డ చిరుగుతుంది. చుట్టి, బట్టల మధ్యలో పెట్టండి. సాంక్రీ పైన అడవిలో దేవదారు, పైన్ సూదులు, ఎండు కాయలు బూట్లతో టెంటులోకి వస్తాయి. పరిచేముందు చేత్తో తడిమి ఏరేయండి. మంచు మీద నడవడానికి ఇచ్చే మైక్రోస్పైక్‌లు టెంటు బయటే ఉండాలి.

రాత్రి గాలి పోతుంటే ముందు వాల్వు చూడండి. ఇసుక రేణువు ఇరుక్కుంటే సరిగా మూయదు, గుడ్డతో తుడిస్తే చాలు. గుడ్డలో రంధ్రమైతే మ్యాట్‌ని బిగువుగా ఊది, పెదవి దగ్గర పెట్టుకుని మెల్లగా జరుపుతూ వెళ్లండి. తడి పెదవికి గాలి చల్లగా తగులుతుంది. దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, గాలి తీసి, ఆల్కహాల్ ప్యాడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ప్యాచ్ అంటించి అరచేతి వేడితో కొన్ని నిమిషాలు నొక్కి పట్టాలి. చలిలో జిగురు పట్టకపోతే కారణం ఎప్పుడూ తేమో, చల్లదనమో. ప్యాచ్‌ని కూడా ముందు జేబులో వేడి చేసుకోండి. సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ అయితే ఆ రాత్రికి ఫోమ్ షీటు కింద వేసుకుని గడిపేయొచ్చు. గాలి మ్యాట్‌కి ఆ అవకాశం లేదు కాబట్టి ప్యాచ్ కిట్ మరవకూడదు.

ఊదిన మ్యాట్‌ని ఎండలో వదలొద్దు. లోపలి గాలి వ్యాకోచించి పొరల మధ్య అతుకులు ఊడి, మధ్యలో బుడగలా లేస్తుంది. అలా లేచినదాన్ని బాగుచేయలేం. సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్‌ని ఇంట్లో చుట్టి ఉంచితే ఫోమ్ నలిగి, తర్వాత సగమే విచ్చుకుంటుంది. వాల్వు తెరిచి, మంచం కిందో బీరువా వెనకో పరిచి ఉంచండి. కొత్తది కొన్నప్పుడు కూడా మొదటిసారి ఒక రాత్రంతా వాల్వు తెరిచి వదిలేస్తేనే పూర్తి మందం వస్తుంది. మన కోస్తా జిల్లాల ఉక్కలో దాచేముందు ఫ్యాన్ కింద ఒక రోజు ఆరబెట్టడం తప్పనిసరి.